కామాఠిపుర పేరు మాటున: పట్నం వలసలూ హెచ్.ఐ.వి. చరిత్రా

బొంబాయి నగరపటంలో తెలుగువారి చెమట గుర్తుగా మిగిలిన పేరు ఒకటి ఉన్నది. అది కామాఠిపుర. నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుంచి వెళ్ళిన కూలీలు కాపురముండడం వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అయితే వందేళ్ళకు పైగా ఆ పేరు చెవిన పడగానే జనానికి స్ఫురించేది ఆ కూలీలు కాదు, పడుపు వృత్తి. 1986 తరువాత ఆ పేరుకు మూడవ అర్థం కూడా వచ్చి చేరింది. ఎయిడ్స్ గురించి పత్రికలు రాసిన ప్రతిసారీ కామాఠిపుర సందులే కళ్ళ ముందు నిలిచేవి.

ఒకే పేరుకు ఇలా మూడు అర్థాలు ఎందుకు కలిగాయి? ఈ మూడింటినీ విడివిడిగా చదివితే ఒక్కటీ సరిగా బోధపడదని మా అభిప్రాయం. పల్లె నుంచి పట్నానికి వెళ్ళినవాడు అక్కడ చెడిపోయి ఊరికి జబ్బు మోసుకొచ్చాడనే కథ మన వాడుకలో బలంగా ఉన్నది. చరిత్రను దగ్గరగా చూస్తే ఆ కథ నిలవదు. వలస వెళ్ళడం జబ్బు కాదు. కూలిని ఏ పద్ధతిలో రప్పించుకున్నారు, ఎక్కడ పడుకోబెట్టారు, ఎవరిని వెంట రానివ్వలేదు, ఒంట్లో బాగులేనప్పుడు ఏ భాషలో పలకరించారు అన్న విషయాలే ప్రమాదాన్ని పెంచాయి, తగ్గించాయి. ఈ వ్యాసంలో మేము ఆ విషయాన్నే పరిశీలించదలిచాము. తెలుగునాట కాక బొంబాయి, షోలాపూర్, బళ్ళారి, మద్రాసు, బరంపురం, యానాం వంటి చోట్ల పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ఇది పరాయి చరిత్ర కాదు. వారిలో చాలామంది అక్కడ పుట్టడానికి మూలకారణం ఏదో ఒక వలసే.

పేరు పుట్టుక

కామాటి అంటే మట్టిపని, పారపని చేసే కూలి. బొంబాయి ఒకప్పుడు విడివిడి దీవులు. సముద్రపు పోటు లోపలికి రాకుండా 18వ శతాబ్దం చివరి భాగంలో ఆంగ్లేయులు కట్టలు వేశారు. 1780లలో పూర్తయిన హార్న్‌బీ కట్ట వాటిలో ప్రసిద్ధమైనది. దాని వెనుక ఉప్పునీటి పల్లపు నేలలు ఆరి, మెరకచేయడానికి అనువయ్యాయి. అలా పూడ్చిన నేల మీద రాతిపని, మట్టిపని, ఇళ్ళ కట్టుబడి పనులు చేసిన కామాఠీలు స్థిరపడ్డారు. 1909లో వెలువడ్డ బొంబాయి నగర గెజిటీరు కూడా పేట పేరును ఈ కూలీలతోనే ముడిపెట్టింది.

వీరంతా కూలీలుగానే మిగిలిపోలేదు. 19వ శతాబ్దపు బొంబాయిలో తెలుగు గుత్తేదారులు పేరు సంపాదించారు. 1893లో పూర్తయిన బొంబాయి పురపాలక సంఘ భవనాన్ని కట్టించిన గుత్తేదారు వ్యంకూ బాలూజీ కాలేవార్ తెలుగువాడు. జోతీబా ఫూలే సత్యశోధక ఉద్యమానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో ఆయనతోపాటు జయా కరాడీ లింగు వంటి తెలుగువారు ఉన్నారు. ఆ పేటలో మొదట వెలసినది భార్యాబిడ్డలు, కులపెద్దలు, భజనలు, పంచాయతీలు ఉన్న ఒక తెలుగు సమాజం. తరువాతి కథ అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

షోలాపూరుది కూడా ఇటువంటి చరిత్రే. అక్కడ 1870లలో తొలి నూలుమిల్లు వచ్చింది. తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు మగ్గంతో సహా తరలివెళ్ళాయి. మగవారు మగ్గాల మీద, మిల్లుల్లో పనిచేస్తే ఆడవారు బీడీలు చుట్టి సంసారాన్ని నిలబెట్టారు. కూలి చాలకపోయినా, ఇల్లు ఇరుకైనా ఇంటిల్లిపాదీ ఒకచోట ఉన్నారు. షోలాపూరుకు ఏ వ్యాధీ రాలేదని మేము అనడం లేదు. కుటుంబంతో సాగే వలస ఒక రకం, కుటుంబాన్ని ఊళ్ళో వదిలి సాగే వలస మరొక రకం అని మాత్రమే మా మాట.

ఒంటరి మగవారి నగరం

బొంబాయిలో తొలి నూలుమిల్లుకు 1854లో పునాది పడింది. తరువాతి యాభై ఏళ్ళలో నగరం పనివారితో నిండిపోయింది. వారిలో ఎక్కువమంది కొంకణ తీరం నుంచి, దక్కను కరువు సీమల నుంచి వచ్చిన మగవారు. 1921 జనాభా లెక్కల నాటికి బొంబాయిలో ఆడవారి సంఖ్య మగవారి సంఖ్యలో ఇంచుమించు సగం మాత్రమే. దీన్ని మగవారి ఇష్టంగా చూడడం పొరపాటు. మిల్లు ఇచ్చే కూలి ఒక మనిషి తిండికి, పడకకు సరిపోయేటంత. బిడ్డల్ని పెంచే ఖర్చు, ముసలితనపు ఖర్చు, జబ్బుపడ్డనాటి ఖర్చు ఊరిమీదే పడేవి. మిల్లుకు కావలసింది వయసులో ఉన్న వాడి రెండు చేతులు మాత్రమే.

ఒక గదిలో పదిమంది, పన్నెండుమంది వంతులవారీగా పడుకునేవారు. పగటిపాళీవాడు లేచిన చాప మీద రాత్రిపాళీవాడు నడుం వాల్చేవాడు. భోజనం ఖాణావళిలో. పండగకో పంటకో ఊరికి పోతే తప్ప ఇంటివారి ముఖం కనబడేది కాదు. అటువంటి నగరంలో పడుపు వృత్తి పెరగడం వింత కాదు. దాన్ని పెద్ద వీధుల నుంచి, దొరల ఇళ్ళ దగ్గర నుంచి తప్పించి ఒకచోట కూర్చడంలో పోలీసుల చేయి ఉన్నది. ఆ చోటు పేదలు, కూలీలు ఉండే కామాఠిపుర పరిసరాలు. ఇలా 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో తెలుగు కూలీల పేట మీద మరొక పేరు పడింది. అప్పటికే అక్కడ కాపురమున్న తెలుగు కుటుంబాలు ఆ పేరు మోస్తూనే బతికాయి. పిల్లల పెళ్ళిసంబంధాలకు చిరునామా చెప్పడమే ఒక ఇబ్బంది అయింది.

ఆ సందుల్లోని స్త్రీలు కూడా వలసవచ్చినవారే అన్న మాట చాలా పుస్తకాలు చెప్పి చెప్పకుండా వదిలేస్తాయి. కరువు పల్లెల నుంచి, కర్ణాటక మహారాష్ట్ర సరిహద్దుల్లో దేవుడికి వదిలిన కుటుంబాల నుంచి, తెలంగాణలో జోగినులుగా మార్చబడ్డ దళిత కుటుంబాల నుంచి, తరువాత నేపాలు కొండల నుంచి వారు వచ్చారు, కొందరిని తెచ్చి అమ్మారు. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం 1947లో వచ్చింది. జోగిని ఆచారానికి కూడా వర్తించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1988లో గాని రాలేదు. మగవాడికి మిల్లు దారి చూపిన పేదరికమే ఆడదానికి ఈ దారి చూపింది. మగవాడి దారిని వలస అన్నారు. ఆమె దారికి మాత్రం చెడ్డపేరు పెట్టారు.

పరంగి రోగం నుంచి బొంబాయి జబ్బు దాకా

వ్యాధికి పరాయివాడి పేరు పెట్టడం పాత అలవాటు. సుఖవ్యాధుల్లో పెద్దదైన సిఫిలిస్‌ను ఇటలీవారు ఫ్రెంచివారి జబ్బు అన్నారు, ఫ్రెంచివారు నేపుల్సు జబ్బు అన్నారు. మన దేశానికి అది పోర్చుగీసువారి రాకతో వచ్చిందని భావించి 16వ శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశం దాన్ని ఫిరంగ రోగం అన్నది. తెలుగులో అది పరంగి అయింది. దానికి వాడిన మందుదుంప నేటికీ పచారీ కొట్లలో పరంగిచెక్కగానే దొరుకుతుంది. మందు పేరులో కూడా నింద దాగి ఉండడం భాషాచరిత్ర చదివే విద్యార్థులు గమనించదగ్గ విషయం.

నింద పేరుతో ఆగలేదు, చట్టానికీ ఎక్కింది. ఆంగ్ల సైనికులకు సుఖవ్యాధులు పెరిగాయని 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చారు. దాని ప్రకారం పడుపు వృత్తిలోని స్త్రీలు పేరు నమోదు చేసుకోవాలి, వైద్యపరీక్షకు హాజరు కావాలి, జబ్బుందని తేలితే లాక్ ఆసుపత్రిలో నిర్బంధంగా ఉండాలి. వారి దగ్గరకు వచ్చిన మగవారికి ఏ పరీక్షా లేదు. తీవ్రమైన వ్యతిరేకత తరువాత 1888లో ఆ చట్టాన్ని రద్దుచేశారు గాని, జబ్బుకు మూలం ఆ స్త్రీయేనన్న ఆలోచన రద్దు కాలేదు.

1896లో బొంబాయిని ప్లేగు పట్టుకున్నప్పుడు నింద ఇంకొక వైపు తిరిగింది. భయంతో కూలీలు లక్షల సంఖ్యలో ఊళ్ళకు పారిపోయారు. 1897 నాటి చట్టం ఇచ్చిన అధికారంతో రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల్ని దింపి చంకలు, గజ్జలు తడిమి చూశారు. ఆ తనిఖీ బరువంతా మూడవ తరగతి పెట్టెలవారి మీదే పడింది. పని ఉన్నన్నాళ్ళూ నగరానికి కావలసిన కూలి, జబ్బు రాగానే అనుమానితుడయ్యాడు. 2020 మార్చిలో కరోనా నిర్బంధం వచ్చినప్పుడు మూటముల్లెలతో రహదారుల మీద నడిచినవారిని ఊరి పొలిమేరల్లో ఆపిన దృశ్యాలు ఈ తరం విద్యార్థులు తామే చూశారు. హెచ్.ఐ.వి. వచ్చింది ఈ రెండు ఘట్టాల నడుమ. నేపాలు పల్లెల్లో దానికి బొంబాయి జబ్బు అనే పేరు పడింది. పరంగి రోగం నుంచి బొంబాయి జబ్బు దాకా అలవాటు మారలేదు.

మేస్త్రీ, బయానా, గుడారం

తెలుగు వలసల చరిత్రలో మేస్త్రీ కీలకమైన వ్యక్తి. 19వ శతాబ్దం చివర నుంచి గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలు బర్మాకు ఓడలెక్కినప్పుడు ముందుగా సొమ్ము చేతిలో పెట్టి తీసుకుపోయినవాడు మేస్త్రీ. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరుతో రంగూనులో తెలుగు కూలీలందరినీ కోరంగీలు అన్నారు. మలయాలో కళింగ శబ్దం నుంచి వచ్చిన క్లింగ్ అనే మాట తిట్టుగా మారింది. కామాఠి, కోరంగి, క్లింగ్ మూడూ మొదట పనివారిని, వారి ఊరును తెలిపిన పేర్లే. వాటిని ఎవరు ఏ గొంతుతో పలికారన్నది తరువాతి సంగతి. రంగూను కూలీ బారకాసుల్లో కూడా ఆడవారు బహు తక్కువ. 1942లో జపాను దాడితో ఆ దారి మూసుకుపోయింది.

గంజాం జిల్లా మగవారు తరువాతి దశాబ్దాల్లో సూరత్ పవర్లూములకు మళ్ళారు. ఒరిస్సాలో కూలీలను ముందస్తు సొమ్ముతో కట్టిపడేసి తరలించే పద్ధతిని దాదన్ అంటారు. దాని మీద ఆ రాష్ట్రం 1975లో చట్టం చేసింది. ఆ అనుభవం నుంచే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని పార్లమెంటు చేసింది. గుత్తేదారుకు లైసెన్సు ఉండాలని, కూలీకి తగిన వసతి, ఉచిత వైద్యం, ప్రయాణ భత్యం ఇవ్వాలని అందులో ఉన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా కోడ్‌లో దాన్ని కలిపివేశారు. కాగితం మీద ఉన్న వసతి, వైద్యం నలభై ఏళ్ళలో పనిచోట్లకు సరిగా చేరి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

పాలమూరు లేబరు కథ దేశమంతటా తెలిసినదే. మహబూబ్‌నగర్ జిల్లా మెట్టపొలాల నుంచి గుంపు మేస్త్రీ వెంట వెళ్ళిన కూలీలు ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టారు. పండగ ముందు చేతికి వచ్చిన బయానా మరుసటి ఏడాది దాకా మెడకు ఉచ్చు. లెక్క మేస్త్రీ దగ్గర, గుడారం పని దగ్గర. మట్టిపనికి ఆలుమగలు జంటగా వెళ్ళడం ఎక్కువ, కనుక వీరి వలస బొంబాయి మిల్లు వలస వంటిది కాదు. అయితే బొంబాయి, భివండి కట్టుబడి అడ్డాల మీద పనికి ఒంటరిగా వెళ్ళినవారూ ఉన్నారు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లు సమ్మె దెబ్బకు మిల్లులు మూతపడసాగాయి. నేతపని భివండి వంటి చోట్ల చిన్న షెడ్లకు చేరింది. అక్కడ కార్మిక సంఘం లేదు, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి చీటీ లేదు, మిల్లు చాళ్ళలో ఉండిన ఊరిపాటి కూడా తగ్గిపోయింది. సరిగా ఆ కాలంలోనే కొత్త వ్యాధి వచ్చింది.

1986 తరువాత

అమెరికాలో 1981లో తొలిసారి గుర్తించిన ఎయిడ్స్‌కు కారణమైన వైరసును 1983లో పారిస్ పాస్తర్ సంస్థ శాస్త్రజ్ఞులు వేరుచేశారు. మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట కనుగొన్నది 1986లో, మద్రాసులో. వైద్యురాలు సునీతి సాలమన్ పర్యవేక్షణలో విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తనమూనాలను వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించారు. నమూనాలు ఇచ్చినవారు పోలీసుల అదుపులో సంరక్షణాలయంలో ఉన్న స్త్రీలు. తొలి పరీక్ష వారికే జరిగింది గనుక వ్యాధి మూలం వారేనన్న నమ్మకం వెంటనే పాతుకున్నది. వెతికిన చోటనే దొరుకుతుందన్న సామాన్య సత్యం ఎవరికీ తట్టలేదు.

వైరసు సోకిన స్త్రీలను శిక్షాకాలం ముగిసినా మద్రాసులో విడుదల చేయలేదు. 1990లో మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకున్న తరువాతనే వారు బయటపడ్డారు. అదే సంవత్సరం బొంబాయి నుంచి వందలమంది స్త్రీలను తమిళనాడుకు ప్రత్యేక రైలులో తరలించారు. నూరేళ్ళ క్రితం రద్దయిన 1868 చట్టం ఆత్మ వేరే ఒంటిలో తిరిగివచ్చినట్లయింది. కేంద్రప్రభుత్వం 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను స్థాపించింది. సాంగ్లీలో అదే ఏడాది పని మొదలుపెట్టిన సంగ్రామ్ సంస్థ సెక్స్ వర్కర్లనే నాయకులుగా నిలబెట్టి, తోటివారికి వారే నిరోధ్‌లు పంచి, వారే చెప్పుకునే పద్ధతి చూపింది. భయపెట్టి చేయలేని పనిని ఆ పద్ధతి చేసింది.

వైరసు ఎలా పాకుతుందో ఇక్కడ క్లుప్తంగా చెప్పాలి. రక్షణ లేని లైంగిక సంబంధం, శుద్ధిచేయని సూదులు, పరీక్షించని రక్తం, తల్లి నుంచి బిడ్డకు, ఇవే దాని దారులు. కలిసి తినడం, ఒకే గదిలో పడుకోవడం, దోమకాటు దాని దారులు కావు. చికిత్స చేయని సుఖవ్యాధి పుండు ఉన్నప్పుడు వైరసు ప్రవేశం సులువవుతుంది. సోకిన తొలి వారాలలో ఒంట్లో వైరసు విపరీతంగా ఉంటుంది, మనిషికి మాత్రం జ్వరం వచ్చి పోయినట్లే ఉంటుంది. ఏళ్ళ తరబడి పైకి ఏమీ కనబడదు. వలస కూలి జీవితానికి ఈ లక్షణాలను జోడించి చూడండి. పుండు వస్తే చూపించుకోవడానికి రోజు కూలి పోతుంది. ఆసుపత్రిలో పేరు చెప్పాలి, చిరునామా లేదు. నొప్పి చెప్పుకోవడానికి భాష రాదు. అందుకని అడ్డా పక్కన సూదిమందు వేసే ఏ డిగ్రీ లేని వైద్యుడే దిక్కవుతాడు. ప్రమాదం అతని నడతలో ఎంత ఉన్నదో ఈ ఏర్పాట్లలో అంతకంటే ఎక్కువ ఉన్నది.

అధికార పత్రాలు లారీ డ్రైవర్లను, వలస కూలీలను వంతెన వర్గాలు అన్నాయి. అధిక ప్రమాదం ఉన్నవారికి, సాధారణ జనానికి నడుమ వీరు వంతెన అని భావం. లెక్కలు వేసేవారికి ఆ మాట పనికివస్తుందేమో. కాని వంతెన దాటిపోవడానికే తప్ప, దాని యోగక్షేమం ఎవరూ అడగరు. 2007-12 నాటి మూడవ దశ కార్యక్రమంలో బయలుదేరే ఊరు, దారి, చేరే నగరం మూడింటినీ కలిపి చూడాలన్న ఆలోచన రావడం కొంత మేలు.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తపరీక్షల ద్వారా తేలిన శాతాలివి: 15-49 సంవత్సరాల వారిలో దేశమంతటా 0.28, మణిపూర్‌లో 1.13, ఆంధ్రప్రదేశ్‌లో 0.97, కర్ణాటకలో 0.69, మహారాష్ట్రలో 0.62, తమిళనాడులో 0.34. ఈ సర్వే తరువాతనే 2007లో దేశంలోని బాధితుల అంచనాను యాభై లక్షలకు పైనుంచి సుమారు 25 లక్షలకు తగ్గించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దక్షిణాది రాష్ట్రాలలో ముందుండడం మనవారికి కలవరం కలిగించిన విషయం.

వలసే కారణమైతే పాలమూరు అందరికంటే ముందుండాలి. అలా లేదు. ఆ రోజుల్లో నమోదైన లెక్కల్లో గుంటూరు, ప్రకాశం, తూర్పు గోదావరి వంటి కోస్తా జిల్లాలే ఎక్కువ బరువు మోశాయి. పచ్చని పొలాలు, జాతీయ రహదారి, రేవులు, మార్కెట్ పట్టణాలు ఉన్న సీమ అది. తమిళనాడులో లారీల పట్టణం నామక్కల్, కర్ణాటకలో బెళగావి, బాగలకోట, ఒడిశాలో గంజాం ఇటువంటి బరువే మోసిన పేర్లు. వీటన్నింటికీ ఒకే కారణం చెప్పడం సాధ్యం కాదు. ఒకచోట రహదారి, ఒకచోట దేవదాసీ ఆచారం, ఒకచోట దూరపు పవర్లూము, ఒకచోట చేతిలో డబ్బు ఆడిన మగవారు. కదిలే కాలినే కారణంగా చూపడం సులువు గనుక ఊళ్ళో కూర్చున్నవారి నడత లెక్కకు రాలేదు.

ఇంటి దగ్గర మిగిలినవారు

ఈ చరిత్రలో ఎక్కువ నష్టపోయి తక్కువ వినబడ్డవారు ఊళ్ళోని భార్యలు. 1990లలో పుణె సుఖవ్యాధుల చికిత్సాకేంద్రాలకు వచ్చిన, పడుపు వృత్తితో సంబంధం లేని స్త్రీలలో 13.6 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నదని 1997లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. వారిలో అత్యధికులకు భర్త తప్ప వేరొక సంబంధం లేదు. ఊరు దాటని ఆడదానికి ఊరు దాటిన జబ్బు వచ్చింది. భర్త పోతే ఆమె కాలుపెట్టిన వేళ మంచిది కాదన్నారు. అత్తింట వాటా ఇవ్వలేదు, పుట్టింట పళ్ళెం వేరుపెట్టారు.

దీన్ని మగవాడి మీద ఇంకొక నేరారోపణగా చదవరాదు. దక్షిణాఫ్రికాలో గనుల వలసకూలీల కుటుంబాల మీద 2003లో వెలువడ్డ పరిశోధనలో ఆలుమగలలో ఒకరికే వైరసు ఉన్న జంటలను విడిగా చూశారు. పది జంటల్లో ఇంచుమించు మూడింటిలో వైరసు ఉన్నది భార్యకు, భర్తకు కాదు. భర్త కూలికి పోయి ఏడాది రాకపోతే ఊళ్ళో ఆమె ఒంటరితనం, అప్పు, ఆకలి కూడా ప్రమాదాలే. విడదీసిన కాపురం రెండు చివరలా తెగుతుంది. అందుచేత ఎవరు ఎవరికి అంటించారన్న ప్రశ్న కంటే, వారిద్దరినీ ఎవరు ఎందుకు విడదీశారన్న ప్రశ్న చరిత్రకారునికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

మందు, భాష, హక్కు

2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వసాగింది. ఎక్కువ బరువున్న ఆరు రాష్ట్రాలతో అది మొదలైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు ఉన్నాయి. 2017 నుంచి వైరసు ఉన్నదని తేలిన వెంటనే మందులు ఇస్తున్నారు. క్రమంగా మందు వాడి రక్తంలో వైరసు పరీక్షకు అందనంత తగ్గిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు అది సోకదు. గర్భిణికి సకాలంలో మందిస్తే బిడ్డను దాదాపుగా కాపాడవచ్చు. 2023 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 25 లక్షల మంది ఈ వైరసుతో జీవిస్తున్నారు, వయోజనులలో శాతం 0.20. చావు తప్పదనుకున్న జబ్బు, మందుతో నెట్టుకురాగల జబ్బు అయింది.

అయితే మందు క్రమం తప్పరాదు, వలస జీవితానికి క్రమమే ఉండదు. ఊరి కేంద్రంలో రాయించుకున్న కార్డును నగర కేంద్రానికి మార్పించుకోవాలి. మార్పించుకోవాలంటే సెలవు అడగాలి, సెలవుకు కారణం చెప్పాలి. చెబితే పని పోతుందన్న భయం. ఈ భయం ఊహ కాదు. పరీక్షలో వైరసు ఉన్నదని తేలి పనికి దూరమైన ఒక రోజుకూలి కోర్టుకు వెళితే 1997లో బొంబాయి హైకోర్టు, పనిచేయగల శక్తి ఉన్నంతకాలం ఆ కారణంతో తొలగించరాదని తీర్పు ఇచ్చింది. ఒక కూలివాడు గెలిచిన ఆ న్యాయం 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టంలో అందరికీ హక్కయింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమలులో ఉన్నది. ఆ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు, చదువులో గాని ఉద్యోగంలో గాని ఇంటి అద్దెలో గాని వివక్ష చూపరాదు.

తెలుగు చదువుకునే మనకు ఇందులో నేరుగా సంబంధించినది భాష. మరాఠీ గోడరాతలు, హిందీ కరపత్రాలు, తమిళ నాటకాలు తెలుగు కూలిని ఎంతవరకు చేరగలవు? చేరిన తెలుగు కూడా ఎటువంటిది? రోగనిరోధకశక్తి లోపించిన లక్షణ సముదాయం అన్న అనువాదం పాఠ్యపుస్తకానికి సరిపోతుందేమో, అడ్డా మీద నిలబడినవాడికి కాదు. సుఖవ్యాధి, పెద్దజబ్బు, ఆ జబ్బు అని పక్కకు తిరిగి చెప్పుకునే మాటల్లో సిగ్గు ఉన్నది, సమాచారం లేదు. మనవారి నోట నలిగిన మాటలు సేకరించి, అవమానం లేని తెలుగులో సంగతి చెప్పడం భాషావిద్యార్థులు చేయదగిన పని. ఆసుపత్రిలో ఒక గంట దుబాసీగా కూర్చోవడం కూడా అందులో భాగమే.

విద్యార్థులకు మా మనవి

మన విద్యార్థులు తమ తమ ఊళ్ళలో తెలుగు వలసల చరిత్ర సేకరించేటప్పుడు, వచ్చిన సంవత్సరం, చేసిన పని, కట్టిన గుడి, పెట్టిన సంఘం రాసుకుంటారు. అవి కావలసినవే. వాటితో పాటు మరికొన్ని ప్రశ్నలు అడగాలని మా మనవి. మొదట వచ్చినవారి వెంట ఎవరు రాలేకపోయారు? ఎన్నేళ్ళకు వచ్చారు? జబ్బుపడితే ఎక్కడికి వెళ్ళేవారు, ఎవరు తోడుండేవారు? బయానా ఎవరిచ్చారు, ఎప్పటికి తీరింది? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ఆరోగ్యచరిత్ర దానంతట అదే బయటపడుతుంది. ఎవరికి ఏ జబ్బు ఉండేదో అడగనవసరం లేదు, తెలిసినా పేరుతో రాయరాదు. అది చట్టం చెప్పిన మాట, మర్యాద కూడా చెప్పే మాట.

కామాఠిపుర సందుల్లో పడుపు వృత్తి ఇప్పుడు బాగా తగ్గింది, పాత ఇళ్ళ స్థానంలో కొత్త భవనాల ప్రణాళికలు నడుస్తున్నాయి. పేటకు పేరు మార్చాలన్న కోరిక అక్కడివారిలో కొందరికి ఉండడం సహజం. ఆ కోరికను మేము తప్పుపట్టము, చిరునామా చెప్పినప్పుడల్లా అవమానం పడ్డవారు వారే. అయితే పేరు పోయినా పోకపోయినా, ఆ నేలను మెరకచేసినది పారపట్టిన తెలుగు కూలీలన్న సంగతి మన పాఠాల్లో నిలవాలి. అదే సందుల్లో బతికిన స్త్రీలు, అక్కడికి వచ్చిన ఒంటరి మగవారు, ఊళ్ళో ఎదురుచూసిన భార్యలు ఒకే వలసచరిత్రకు చెందినవారన్న సంగతి కూడా దాని పక్కనే రాసి ఉండాలి.